సోయా చేనిలో భాస్వరము: బస్తాల లెక్కయా, భూమి లెక్కయా?

వానాకాలము సమీపింపగనే మన సహకార సంఘముల గిడ్డంగుల యెదుట రైతులు బారులు తీరుట ఏటేట చూచుచున్న విషయమే. ఆదిలాబాదు, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాదు, సంగారెడ్డి జిల్లాలలో సోయా చిక్కుడు విత్తువారికి ఈ నిరీక్షణ మఱింత బాధాకరము. ఏలయనగా సోయాకు భాస్వరము విత్తునాడే భూమిలో పడవలయును. పక్షము గడచిన పిమ్మట వచ్చిన బస్తా వచ్చియు రానట్లే. తెల్లవారుజామున వచ్చి వరుసలో చెప్పులుంచి కాచుకొను రైతు అడుగు ప్రశ్న యొక్కటే: "డి.ఏ.పి. వచ్చినదా? తలకెన్ని బస్తాలు?" "మా చేనికి ఎంత కావలయును?" అని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్ప సిద్ధముగా నున్న సంఘములు మఱింత అరుదు. ఈ లోపమును గూర్చియే ఈ మాసము మన సభ్యులతో ముచ్చటింప దలచితిమి.

మా అభిప్రాయమును మొదటనే చెప్పుదుము. మన నేలలలో పెక్కింటి యందు భాస్వరము ఉండియు పంటకు అందకున్నది. "అంగట్లో అన్నియు నున్నవి, అల్లుని నోట శని యున్నది" అను సామెత మన చేల విషయమున అక్షరాల నిజము. ఇట్టి చేనిలో ఏటేట ఒకే కొలతతో బస్తాలు కుమ్మరించుట ఋణము పెంచుకొనుటయే. నిజముగా కొఱత యున్న చేనికి ఏమియు వేయకుండుటయు అంతే నష్టము. ఏ చేను ఏ రకమైనదో కంటికి కనబడదు. కావున బస్తాను అమ్ముటకు ముందు సంఘము రైతునకు అతని చేని లెక్కను చెప్పవలయునని మా వాదము.

ఈ భాస్వరము భూమికెట్లు వచ్చినది? హైదరాబాదు నగరమునకు పనిమీద పోవు సభ్యులు జూబిలీహిల్సు, ఫిల్మ్‌నగరు ప్రాంతములలోని గుండ్ల గుట్టలను చూచియే యుందురు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసునుండి తరలివచ్చిన పిమ్మట అచ్చటి గుట్టలపై స్టూడియోలును, నటుల, నిర్మాతల గృహములును వెలసినవి. ఆ మేడల సందులలో నేటికిని ఒకదానిపై నొకటి నిలిచిన బండలు తల లెత్తి చూచుచుండును. అవి బూడిదవన్నె, గులాబివన్నె గల గ్రానైటు శిలలు. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ శిలలలో అపటైటు అను ఖనిజము మిక్కిలి సన్నని రేణువులుగా కలసి యున్నది. భాస్వరమునకు పుట్టినిల్లు ఆ ఖనిజమే. లక్షల సంవత్సరములుగా ఎండకును వానకును ఇట్టి శిల చివికి నలిగి మన ఎఱ్ఱ చల్క నేలలైనది. ఆదిలాబాదు పడమటి భాగమునను, జుక్కల్, మద్నూర్ ప్రాంతములలోను దక్కను పీఠభూమి నల్లరాయి చివికి నల్లరేగడి యైనది. తల్లిరాయి వేఱగుటచే నేల గుణమును వేఱైనది. భాస్వరము బంధింపబడు తీరును వేఱైనది.

ఎఱ్ఱ నేలకు ఆ రంగునిచ్చునది యినుము. ఇనుమును, అల్యూమినియమును భాస్వరమును చూచిన తోడనే గట్టిగా పట్టుకొనును. జహీరాబాదు ప్రాంతమునందలి జేగురు నేలలలో ఈ పట్టు మఱింత గట్టిది. నల్లరేగడిలో నినుము పట్టు తక్కువయైనను సున్నము పాలు ఎక్కువ. అచ్చట భాస్వరము సున్నముతో కలసి నీటిలో కరగని పదార్థముగా మాఱును. మనము డి.ఏ.పి. రూపమున వేసిన భాస్వరము గూడ నీటిలో కరగిన కొలది దినములలోనే ఈ రెంటిలో నొక దానికి చిక్కును. వేసిన భాస్వరములో మొదటి పంట తీసికొనునది సాధారణముగా నూటికి 15 మొదలు 20 పాళ్ళు మాత్రమే. తక్కినది కొట్టుకొనిపోలేదు, ఆవిరియై పోలేదు. నేలలోనే తాళము పడిన పెట్టెలో నున్నది. యూరియా నత్రజనికిని భాస్వరమునకును గల ప్రధాన భేద మిదియే. నత్రజని నిలువదు, భాస్వరము కదలదు.

కదలదని మేము ఊరక యనుట లేదు. మట్టిలో భాస్వరము వేరు దిక్కునకు జరుగు దూరము కొలది మిల్లీమీటర్లు మాత్రమే. అదియు మట్టిలో తడి యున్నప్పుడే. కావుననే జూలై మాసమున వాన మొగము చాటుచేసినపుడు, పరీక్షలో భాస్వరము చాలినంత యున్నదని తేలిన చేను సైతము ఆకలిగొనును. ఈ కారణముననే మొలచిన పైరుపై పైపాటుగా డి.ఏ.పి. చల్లుట నిష్ప్రయోజనము. పైన పడినది పైననే బంధింపబడును. వేరు క్రిందనే వెదకుకొనుచుండును.

ఇక సోయాకు భాస్వర మెందులకు? ఈ పంట ధాన్యజాతి వంటిది కాదు. దీని గింజలో నూటికి సుమారు 40 పాళ్ళు మాంసకృత్తులు, 20 పాళ్ళు నూనె. అంతటి మాంసకృత్తులను కట్టుటకు మిక్కుటముగా నత్రజని కావలయును. అందులో పెద్దపాలు మొక్క తన వేళ్ళ బుడిపెలలో నివసించు రైజోబియం సూక్ష్మజీవుల చేత గాలినుండి తీయించుకొనును. గాలిలోని నత్రజనిని విడదీయుట మిగుల శక్తి వ్యయమగు పని. ఆ శక్తిని మొక్కలో చేరవేయు పదార్థములో భాస్వరమే ముఖ్యాంగము. భాస్వరము చాలనిచో బుడిపెలు తక్కువగా పుట్టును. పుట్టినవియు చిన్నవై, కోసి చూచినపుడు లోపల లేత ఎఱుపు లేక పాలిపోయి యుండును. అనగా భాస్వరపు కొఱత ఒక కొఱతతో నిలువదు. నత్రజని కొఱతను గూడ వెంటబెట్టుకొని వచ్చును.

ఇచ్చటనే మన రైతు దారి తప్పుచున్నాడు. భాస్వరపు ఆకలి బిగ్గరగా కేక వేయదు. వరి యాకు పసుపెక్కినట్లు సోయా యాకు వెంటనే పసుపెక్కదు. మొక్క పొట్టిగా నుండును, ఆకులు చిన్నవై ముదురు పచ్చగా కనబడును, పూత ఆలస్యమగును, కాయలు తక్కువ యగును. ప్రక్క చేను లేనిచో ఇది లోపమని తెలియనే తెలియదు. తరువాత బుడిపెలు పనిచేయక ఆకు పాలిపోయినపుడు రైతు యూరియా తెచ్చి చల్లును. యూరియా దొరకిన మొక్క బుడిపెలను పోషించుట మానును. అసలు వ్యాధి ఒకటి, మందు మఱియొకటి. ఖర్చు మాత్రము రెట్టింపు.

ఇప్పుడు లెక్కకు వత్తము. బస్తాపై ముద్రించు భాస్వరపు కొలతనే ఇచ్చట వాడుచున్నాము. 50 కిలోల డి.ఏ.పి. బస్తాలో నూటికి 46 పాళ్ళ చొప్పున 23 కిలోల భాస్వరమును, 18 పాళ్ళ చొప్పున 9 కిలోల నత్రజనియు నుండును. ఒక టన్ను సోయా గింజలు చేనినుండి తీసికొనిపోవు భాస్వరము ఇదే కొలతలో సుమారు 12 లేక 13 కిలోలు. ఎకరమునకు 8 క్వింటాళ్ళు పండినదనుకొన్నచో గింజలతో పోవునది సుమారు 10 కిలోలు. కట్టెను, పొట్టును చేననే ఉంచిన యెడల, ఒక బస్తా డి.ఏ.పి. వేసిన రైతు చేనిలో ఆ యేడు 13 కిలోలు మిగులును. పదేండ్లు ఇట్లే జరిగినచో ఆ చేను బ్యాంకులో సొమ్ముంచి వడ్డీకి అప్పు తెచ్చుకొను గృహస్థు వలె నగును. దీనికి విరుద్ధముగా ఎరువు కొనలేని పేద సభ్యుని చేను ఏటేట 10 కిలోలు పోగొట్టుకొనుచు కృశించుచుండును. ఈ యిద్దఱికిని సంఘము తలకు రెండు బస్తాల చొప్పున సమానముగా పంచుట న్యాయముగా కనబడును గాని, అది నేలకు న్యాయము కాదు.

ఎక్కువైన భాస్వరము హాని చేయదని కొందఱి నమ్మకము. అదియు సరికాదు. నేలలో భాస్వరము మితిమీరినచో పైరునకు జింకు అందుట తగ్గును. తెలంగాణ నేలలలో జింకు కొఱత క్రొత్త మాట కాదు. డి.ఏ.పి.కి సొమ్ము పెట్టి, అది తెచ్చిన కొఱతను తీర్చుటకు జింకు సల్ఫేటునకు మఱల సొమ్ము పెట్టుట వివేకము కాదు.

ఈ ఎరువు ఎచ్చటనుండి వచ్చుచున్నదో గూడ సభ్యులు తెలిసికొనదగును. భాస్వరపు శిల మన దేశమున రాజస్థానమందలి ఝామర్ కోట్ర వంటి కొలది తావులలో మాత్రమే చెప్పుకోదగినంత కలదు. మన అవసరములో అత్యధికభాగము శిలగానో, ఆమ్లముగానో, తయారైన డి.ఏ.పి.గానో మొరాకో, జోర్డాను, సౌదీ అరేబియా మొదలగు దేశములనుండి ఓడలలో వచ్చుచున్నది. ప్రపంచమున లెక్కకు వచ్చిన నిల్వలలో మూడింట రెండు వంతులకు పైగా మొరాకో వశమున నున్నవి. 2021లో చైనా తన ఎగుమతులను అదుపు చేయగా ఆ దెబ్బ మన గిడ్డంగి తలుపు వఱకు వచ్చినది. 2022 నుండి బస్తా ధర 1,350 రూపాయలుగా నిలిచి యున్నదన్నచో, అది ప్రభుత్వము భారీగా రాయితీ భరించుట చేతనే. పసిఫిక్ మహాసముద్రమందలి నౌరూ ద్వీపము తన భాస్వరపు శిలను ఇరువదవ శతాబ్దములో అమ్ముకొని, మధ్యభాగమంతయు సాగునకు పనికిరాని రాతి మొనలుగా మిగుల్చుకొన్నది. త్రవ్వి తీయు వస్తువు తరగునది. దానిని కొలిచి వాడుట ధర్మము.

సోయా సాగులో నేడు ప్రపంచమున అగ్రస్థానమున నున్న బ్రెజిలు దేశపు ఉదాహరణమును కొందఱు చూపుదురు. అచ్చటి సెరాడో మైదానములు మన జేగురు నేలల వంటివే. ఇంకను ఆమ్ల గుణము హెచ్చు. భాస్వరమును మ్రింగివేయు ఆ నేలలను, 1973లో స్థాపింపబడిన ఎంబ్రాపా అను పరిశోధన సంస్థ మొదలగువారి కృషిచే సున్నము వేసి, భాస్వరము దండిగా పోసి, తగిన రైజోబియమును, తగిన వంగడములను ఎన్నుకొని సోయా నేలలుగా మార్చిరి. అది గొప్ప పనియే. కాని వేలకొలది ఎకరముల భూస్వామి పెట్టుబడి వేఱు. రెండెకరముల చల్క గల మన సభ్యుని మూట వేఱు. వారినుండి మనము నేర్చుకొనదగినది ఎరువు కుమ్మరించు పద్ధతి గాదు. నేలను పరీక్షించి, సూక్ష్మజీవిని ఎన్నుకొని, పిదప విత్తిన పద్ధతి.

మనకు దగ్గఱలోనే మఱియొక పాఠము కలదు. జూబిలీహిల్సునుండి పడమటి దిక్కుగా పోయినచో పటాన్‌చెరువు వచ్చును. అచ్చట 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ కలదు. అచ్చట జపాను శాస్త్రజ్ఞులును, సంస్థ శాస్త్రజ్ఞులును కలసి కంది వేళ్ళను పరీక్షించి 1990లో ఒక సంగతి ప్రకటించిరి. కంది వేరు ఒక విధమైన ఆమ్లమును మట్టిలోనికి స్రవించును. ఆ ఆమ్లము ఇనుమును పట్టుకొని, దానికి చిక్కిన భాస్వరమును విడిపించును. ఇతర పంటలకు చేతగాని ఈ పనిని కంది చేయుట చేతనే ఎఱువులెఱుగని ఎఱ్ఱ చల్కలోను తరతరములుగా అది పండుచున్నది. శనగ వేరును ఆమ్లములను స్రవించి సున్నమునకు చిక్కిన భాస్వరమును కరగించుకొనును. మన పెద్దలు జొన్నలో కంది సాళ్ళు వేసినపుడు ఈ రసాయనశాస్త్రము వారికి తెలియదు, అనుభవము తెలియును. నేడు సోయాలో కంది అంతరపంటగా వేయుటయు, రేగడిలో సోయా కోసిన పిదప యాసంగిలో శనగ విత్తుటయు మన జిల్లాలలో ఉన్న ఆచారములే. కంది ఆకు రాలి కుళ్ళినపుడు విడిపించిన భాస్వరము పై మట్టికి చేరును. ధర తగ్గినదని కంది సాలును విడిచిపెట్టు రైతు తన చేని తాళపుచెవినే విడిచిపెట్టుచున్నాడని మేము హెచ్చరించుచున్నాము.

చేనినుండి పోయిన భాస్వరము ఎచ్చటికి పోవుచున్నదో ఆలోచించినవారు కొలదిమంది. సోయా నూనెలో భాస్వరము బహు స్వల్పము. దాదాపు అంతయు చెక్కలో నిలుచును. ఆ చెక్క కోళ్ళ దాణాలో ముఖ్యమైన పాలు. గింజలోని భాస్వరములో సుమారు మూడింట రెండు వంతులు కోడి సులభముగా జీర్ణించుకొనలేని రూపమున నుండును. అది పెంటలో వెలికి వచ్చును. అనగా ఆదిలాబాదు చేనినుండి బయలుదేరిన భాస్వరము హైదరాబాదు చుట్టునున్న కోళ్ళ ఫారములలో గుట్టలుగా పడియుండును. కొంత మాంసముగా, గ్రుడ్డుగా జూబిలీహిల్సు భోజనశాలల బల్లలపైకి చేరి, అచ్చటనుండి మురుగుతో మూసీ నదిలో కలియును. మూసీలో కలసినదానిని మరల తెచ్చుట నేటి మన శక్తికి మించినది. నగరపాలకులు చేయదగిన పని. కాని ఫారము ముంగిట పడియున్న ఎరువును తెచ్చుకొనుట మన సంఘముల చేతిలోని పని. పశువుల ఎరువులో కన్న కోళ్ళ ఎరువులో భాస్వరము అనేక రెట్లు ఎక్కువ. పచ్చిది వేసిన వేడికి మొలక మాడును గనుక మాగబెట్టి వేయవలయును. ఒక రైతు ఒక లారీ తెప్పించుకొనలేడు. నలువదిమంది కలసిన ఒక సంఘము పది లారీలు తెప్పించగలదు. సహకార మనగా నిదియే గదా!

ఎరువును పూర్తిగా మానుడని బోధించువారితో మేము ఏకీభవింపజాలము. పరీక్షలో భాస్వరము నిజముగా తక్కువయైన చేనికి వెలుపలినుండి భాస్వరము తేక తప్పదు. సూక్ష్మజీవులు ఉన్నదానిని విడిపించగలవు గాని లేనిదానిని పుట్టింపజాలవు. అటులనే క్రొత్తగా వచ్చిన ప్రతి సీసాను చూచి మురియవలదని గూడ చెప్పుదుము. 2023లో మార్కెట్టునకు వచ్చిన నానో డి.ఏ.పి. అర లీటరు సీసాలో భాస్వరము నూటికి 16 పాళ్ళ చొప్పున 80 గ్రాములు మాత్రమే. ఎకరము సోయా చేనినుండి గింజలతో పోవునది 10 కిలోలని పైన చూచితిమి. ఆకుపై చల్లుటవలన కలుగు మేలు ఎంతైనను, నేల ఖాతాలో అది జమ కాదు. శిలా భాస్వరమును పొడిచేసి చవుకగా అమ్మజూపు వర్తకుల విషయమునను జాగ్రత వలయును. ఆ పొడి ఆమ్లపు నేలలోనే కరగును. సున్నపు రేగడిలో వేసిన రాతిపొడి రాతిపొడిగానే యుండును.

ఇక చేయదగినది చెప్పుదుము. మొదటిది భూసార పరీక్ష. వేసవిలో చేను ఖాళీగా నున్నపుడు, గట్లను, చెట్ల నీడలను, పెంటకుప్పలను విడిచి, చేనిలో వంకరటింకరగా నడచుచు ఎనిమిది పది తావులలో జానెడు లోతున మట్టి తీసి, కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను తీసివేయుచు అరకిలో మిగిల్చి పంపవలయును. 1954లో ఓల్సెన్ అను శాస్త్రజ్ఞుడును, అతని తోడివారును ప్రకటించిన పద్ధతిచే మన నేలలను పరీక్షింతురు. అందు వాడు ద్రావణము మన వంటింటి సోడాయే. మొక్కకు అందగల భాస్వరమును అది వెలికి తీసి చూపును. కేంద్రప్రభుత్వము 2015 ఫిబ్రవరిలో ఆరంభించిన భూసార పత్రముల పథకమున పత్రము పొందిన సభ్యులు పెక్కుమంది కలరు. ఆ పత్రము దూలమున చెక్కియుండిన ప్రయోజనమేమి? ఎరువు కొనునాడు చేతబట్టుకొని రావలయును. తక్కువ అని వ్రాసిన చేనికి సిఫారసు కన్న నూటికి 30 పాళ్ళు హెచ్చుగను, మధ్యస్థమైన చేనికి సిఫారసు మేరకును, ఎక్కువ అని వ్రాసిన చేనికి 30 పాళ్ళు తగ్గించియు వేయుట ఆచరణలోనున్న సూత్రము. ఎకరమునకు 24 కిలోలు సిఫారసు అనుకొన్నచో, మొదటి చేనికి 31, రెండవదానికి 24, మూడవదానికి 17 కిలోలగును.

రెండవది ఎరువు ఎంపిక. డి.ఏ.పి. దొరకలేదని చింతించు సోయా రైతు సింగిల్ సూపర్ ఫాస్ఫేటును మఱచుచున్నాడు. దానిలో భాస్వరము 16 పాళ్ళే. కాని గంధకము 11 పాళ్ళున్నది, సున్నపు పాలును కలదు. మూడు బస్తాలు వేసినచో 24 కిలోల భాస్వరముతో పాటు 16 కిలోలకు మించి గంధకము చేనికి చేరును. సోయా నూనె గింజ. నూనె గింజలకు గంధకము ముఖ్యాహారము. డి.ఏ.పి.లో నది లేదు. మొలకకు కావలసిన కొలది నత్రజనిని వేఱుగా చేర్చుకొనవచ్చును. మూడు బస్తాల మోతకూలి ఎక్కువగును నిజమే. గ్రామము వఱకు సంఘమే బండి కట్టించిన ఆ కష్టము తీరును.

మూడవది వేయు తీరు. భాస్వరమంతయు విత్తునాడే, గింజకు ప్రక్కగా రెండంగుళముల యెడమున, కొంచెము క్రిందుగా పడవలయును. డి.ఏ.పి. గింజను తాకినచో మొలక చెడును. ఎరువును, విత్తనమును వేఱువేఱు గొట్టముల ద్వారా దింపు గొర్రును సంఘము కొని అద్దెకిచ్చిన, ఎరువు చల్లుటలో పోవు నష్టము తగ్గును.

నాలుగవది విత్తన సంస్కారము. సోయా క్రొత్తగా వేయు చేనిలో దానికి తగిన రైజోబియము ఉండదు. శిలీంధ్రనాశిని పట్టింపదలచిన ముందుగా పట్టించి, ఆరిన పిదప చిట్టచివర రైజోబియమును పట్టించి, నీడన ఆరబెట్టి, ఆనాడే విత్తవలయును. భాస్వరమును కరగించు సూక్ష్మజీవుల పొడిని బాగుగా మాగిన పశువుల ఎరువుతో కలిపి దుక్కిలో వేయవలయును. ఇవి ప్రాణమున్న వస్తువులు. రేకుల గిడ్డంగిలో ఎండకు మాడిన పొట్లము మట్టితో సమానము. పొట్లముపై గడువు తేదీ చూడక కొనరాదు. చల్లని గది లేని సంఘము వానిని నెలల తరబడి నిలువ చేయరాదు.

చివరకు మన సంఘముల పాలకవర్గములకు ఒక మాట. బస్తాల అమ్మకముపై వచ్చు కమీషను సంఘమునకు ఆదాయము. ఎక్కువ బస్తాలు అమ్మిన ఎక్కువ ఆదాయము. రైతు తక్కువ కొన్న సంఘమునకు తక్కువ. ఈ చిక్కును దాచిపెట్టుకొని లాభము లేదు. కాని సంఘము వర్తకుని దుకాణము కాదు. కొనువాడే దాని యజమాని. యజమానికి అక్కఱలేని బస్తాను అంటగట్టి సంపాదించు కమీషను, కుడి జేబునుండి తీసి ఎడమ జేబులో వేసికొనుట వంటిది. నడుమ వడ్డీ నష్టము. 2025–26 సంవత్సరమునకు సోయా మద్దతు ధర క్వింటాలునకు 5,328 రూపాయలు. ఒక్క బస్తా వృథా యైనచో పాతిక కిలోల గింజలు వృథా యైనట్లు. పంట ఋణముతో కొన్న బస్తా యైనచో ఆ భారము మఱింత పెరుగును.

కావున రాబోవు సర్వసభ్య సమావేశములలో నాలుగు తీర్మానములు చేయవలయునని ప్రతిపాదించుచున్నాము. ప్రతి సభ్యుని భూసార పత్రపు లెక్కను సంఘపు పుస్తకమున ఎక్కించి, ఎరువు కొలతను దానినిబట్టి చెప్పుట ఒకటి, పత్రము లేనివారి మట్టిని వేసవిలోనే సంఘపు ఖర్చుతో పరీక్షకు పంపుట రెండు, డి.ఏ.పి.తో పాటు సూపర్ ఫాస్ఫేటును, తాజా రైజోబియమును మే మాసాంతమునకే సిద్ధపరచుట మూడు. మాగిన కోళ్ళ ఎరువును సామూహికముగా తెప్పించుటయు, గొర్రును అద్దెకిచ్చుటయు నాలుగు. వీనిలో నేదియు గొప్ప పెట్టుబడి కోరునది కాదు, పూనిక కోరునది.

అసాధ్యమనువారికి జూబిలీహిల్సునే చూపుదుము. నేడు కోట్ల విలువ పలుకు ఆ ప్రాంతము ఒకనాడు ముండ్లపొదలును, గుండ్లును తప్ప మఱేమియు లేని గుట్ట. దానిని నివాసయోగ్యము చేసినది ఒక సహకార గృహనిర్మాణ సంఘము. దాని ప్రక్కన చలనచిత్ర పరిశ్రమవారును సహకార సంఘముగా కూడియే ఫిల్మ్‌నగరును కట్టుకొనిరి. పట్టణవాసులు నలుగురు కూడి రాతిగుట్టను ఊరుగా మార్చుకొనగలిగినపుడు, ఆ రాతినుండియే పుట్టిన మట్టిని దున్ని బ్రతుకు మనము, ఆ మట్టిలో దాగిన ధనమును వెలికి తీసికొనలేమా? ఈ వేసవిలో ప్రతి సభ్యుడును అరకిలో మట్టితో సంఘపు గుమ్మము త్రొక్కవలయునని కోరుచున్నాము. ఎరువు వరుసలో నిలుచుట ఎట్లును తప్పదు. చేతిలో లెక్క పత్రముతో నిలుచుట మేలు.